అవ్వ చప్పరించిన ముక్క

మా అవ్వ చేతి ముద్ద కోసం నేను ముప్పైలో పడేదాకా కాచుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఒకే కప్పు కింద పెరిగిన మనవరాలికి నాయనమ్మ చేతి ముద్ద దొరక్కపోవడమేమిటని అడగవచ్చు కూడా. దొరకలేదు. జార్జి టౌన్‌లో మా ఇంట్లో అవ్వ పళ్ళేనికి ఎదురుగా ఒక్క మనిషి కూర్చునేంత చోటే ఉండేది. ఆ చోట్లో మా చెల్లెలు కూర్చునేది.

అవ్వ ఇంటిల్లిపాదీ తిన్న తర్వాత తినేది. నడవలో స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కంచుతో చేసిన తన పాత పళ్ళెంలో మిగిలిన పప్పూ కూరా అన్నీ వేసుకుని కలిపేది. చెల్లెలు అప్పటికే కడుపునిండా తినేసి ఉండేది. అయినా ఆ పళ్ళెం నేలకు తగిలిన చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా వచ్చి ఎదురుగా చతికిలబడేది. అవ్వ ఆవకాయ ముక్కను నోట్లో వేసుకుని, దానికంటిన కారమూ ఆవపిండీ అంతా చప్పరించేసి, తెల్లబడిన ముక్కను బయటికి తీసి, ముద్ద మధ్యలో పెట్టి, దాని నోటికి అందించేది. "కారం కడుపును కాల్చేస్తాది. నా కడుపు ఎట్టా పోయినా పోయింది, ఈ బిడ్డది చల్లగా ఉండాల," అనేది. మంట ఆవిడ నోటికి, మామిడికాయ రుచి దాని నోటికి. నేను పక్కనే పుస్తకం పట్టుకుని, చూడనట్టు చూస్తూ ఉండేదాన్ని.

అందులో నాకు ఎక్కువ ఒళ్ళు మండించింది ఇంకొకటుంది. మా అవ్వకు ఎంగిలి పట్టింపు మహా ఎక్కువ. గ్లాసు పెదాలకు తగిలితే ఇక అది బూడిదతో తోమేదాకా వంటింట్లోకి రాకూడదు. అందరం గ్లాసు పైకెత్తి నీళ్ళు నోట్లో పోసుకోవాల్సిందే. మిరపకాయల మండీలో పదిమందిని అదిలించే మా నాన్న కూడా కాఫీ కరిచి తాగితే అవ్వ చేత తిట్లు తినేవాడు. ఒకసారి నేను సగం కొరికిన జామకాయను ప్రేమగా అవ్వకు ఇవ్వబోతే, "ఛీ, ఎంగిలి, అవతల పారేసి చెయ్యి కడుక్కో" అంది. అదే అవ్వ, అదే రోజు మధ్యాహ్నం, తన నోట్లోని ముక్కను తీసి చెల్లెలి నోట్లో పెట్టింది. ఆ ఇంట్లో ఎంగిలి అన్న మాట అందరికీ వర్తించేది, ఒక్క దానికి తప్ప.

చెల్లెలు కడుపులో ఉండగా మా అమ్మకు ఒంట్లో బాగుండలేదట. నన్ను గూడూరులో అమ్మమ్మ దగ్గర వదిలారు. తర్వాత పసిబిడ్డతో కష్టమని, ఆ తర్వాత ఇంకేదో అని, బడిలో వేసే వయసు వచ్చేదాకా అక్కడే ఉంచేశారు. అమ్మమ్మ మంచిదే. కానీ ఎంగిలి విషయంలో ఆవిడ ముందు మా అవ్వ ఎందుకూ పనికిరాదు. నా కంచం నాది, నా గ్లాసు నాది, నా ముద్ద నేనే కలుపుకోవాలి. నేను తిరిగి మద్రాసు వచ్చిన రోజున అవ్వ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "అబ్బ, ఎంత పొడుగైపోయినాది! దీనికేముంది, చేత్తో తింటాది," అంది. ఆవిడ ఒళ్ళో చెల్లెలు కూర్చుని నన్ను వింతగా చూస్తోంది. నా సంగతి అంతటితో తేలిపోయింది.

మాది ఎండుమిరపకాయల టోకు వ్యాపారం. ముందు భాగం మండీ, వెనక ఇల్లు. సందులో చేతిబండ్ల మీద మూటలు దిగుతుంటే ఆ ఘాటుకు కొత్తవాళ్ళు తుమ్మలేక చచ్చేవాళ్ళు. మాకు అలవాటు. గుంటూరు కాయ ఏదో, ఇంకో ఊరి కాయ ఏదో మేము వాసనతో చెప్పేవాళ్ళం. మా నాన్నకు మిరపకాయంటే వ్యాపారం ఒక్కటే కాదు, ఇంటిపేరు లాంటిది. అవ్వకు కాపురానికి వచ్చిన కొత్తల్లోనే కడుపులో మంట మొదలైందని, దానికి మా మిరపకాయలే కారణమని అందరూ అనేవాళ్ళు. మంట వచ్చినప్పుడల్లా అవ్వ చల్ల మజ్జిగ తాగి, పొట్టమీద తడిగుడ్డ వేసుకుని పడుకునేది. నాన్న అప్పుడు ఆ పక్కకు కూడా వచ్చేవాడు కాదు.

నాకు పెళ్ళయింది. మా ఆయన అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు, అక్కడే కాపురం. చెల్లెలు చదువు పూర్తి చేసి మైలాపూరులో ఒక ఆఫీసులో చేరింది. అప్పుడే బీచ్ స్టేషన్ నుంచి మైలాపూరు దాకా ఎత్తు మీద నడిచే కొత్త రైలు వచ్చింది. అది ఆ రైల్లో గాలికి జుట్టు ఎగరేసుకుంటూ ఆఫీసుకు పోయేది, నేను కిక్కిరిసిన బస్సులో చెమటలు కక్కుతూ పుట్టింటికి వచ్చేదాన్ని. పెళ్ళయితే ఈ కుళ్ళు పోతుందనుకున్నాను. ఊరు మారింది కానీ కుళ్ళు మారలేదు.

ఆ ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే చెల్లెలికి కడుపునొప్పి పట్టుకుంది. ఆకలేసినా నొప్పే, తిన్నా నొప్పే. మా సందు చివరి డాక్టరు పొట్ట నొక్కి చూసి, కడుపులో పుండు పడిందన్నాడు. వేళకు తినకపోవడం, కారం, అన్నిటికీ మించి మనసులో దిగులు, ఇవీ కారణాలన్నాడు. పాలు, పెరుగన్నం పెట్టమన్నాడు. తెల్లటి మందునీళ్ళు రాసిచ్చాడు. ఆ అమ్మాయి మనసు నొచ్చుకునే మాట ఎవరూ అనకూడదని కూడా చెప్పి వెళ్ళాడు.

అంతే, ఇంట్లో రాజ్యం మారిపోయింది. ఎండుమిరపకాయల మండీ ఇంట్లో ఎండుమిరపకాయ కనిపించకుండా పోయింది. రసంలో మిరియం లేదు, పప్పులో పోపు లేదు, జాడీలన్నీ అటకెక్కాయి. ఆదివారం పూట నేను అంబత్తూరు నుంచి నోరు చచ్చి వస్తే, మా అమ్మ నా ముందు పెట్టింది ఉడికించిన బీరకాయ, పెరుగన్నం.

"అమ్మా, కొంచెం ఊరగాయ వెయ్యవా?" అన్నాను.

"వాసన వస్తే దానికి నోరూరుతాది గదమ్మే. పాపం, ఒక పూట ఓర్చుకో," అంది అమ్మ.

చెల్లెలు మంచం మీద దిండుకానుకుని, "పరవాలేదమ్మా, అక్కకు పెట్టు, నేను సుమ్మా, ఊరికే చూస్తూ ఉంటా," అంది జాలిగా. ఆ జాలికి ఇల్లంతా కరిగిపోయింది. నేను బీరకాయ తిన్నాను.

దానికి పుండు రావడం కన్నా దానికి దిగులుందని అందరూ ఒప్పుకోవడం నాకు మింగుడుపడలేదు. "సున్నితమైన మనసు, అన్నీ లోపల పెట్టుకుంటాది, అందుకే కడుపుకు తగిలింది," అని అవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. దానికేం దిగులు? దిగులంటే నాది. ఐదేళ్ళ వయసు నుంచి ఆ ఇంట్లో దిగులు పడ్డది నేను, లోపల పెట్టుకున్నది నేను. దిగులుకే పుండు పడేటట్టయితే న్యాయంగా అది నా కడుపులో పడాలి. ఈ మాట మా ఆయనతో అంటే, "జబ్బుకు కూడా వాటా అడిగేదాన్ని నిన్నే చూస్తున్నా," అని పకపకా నవ్వారు. నేను మూతి ముడుచుకుని ఆ పూట మాట్లాడలేదు.

తెల్లటి మందు తాగినన్నాళ్ళు తగ్గడం, మానగానే మళ్ళీ రావడం. ఇలా ఏడాది పైనే సాగింది. నాన్నకు మండీలో తల ఎత్తుకోవడం కష్టమైంది. పక్క కొట్టువాళ్ళు, "మీ కాయే మీ పాపను కాల్చేసింది గదయ్యా," అని సరదాకి అన్నా ఆయనకు గుచ్చుకునేది. చివరికి ఒకరోజు చెల్లెలు ఆఫీసులోనే నల్లగా వాంతి చేసుకుని కళ్ళు తిరిగి పడిపోయింది. తోటివాళ్ళు దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళి మాకు ఫోన్లు చేశారు. నేను వెళ్ళేసరికి అమ్మా నాన్నా, వద్దన్నా వినకుండా వచ్చిన అవ్వా, అందరూ మంచం చుట్టూ ఉన్నారు. దాని ముఖం తెల్లకాగితంలా ఉంది. ఆ ఒక్క పూట నాకు దానిమీద ఏ కుళ్ళూ లేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు ఒక కుర్ర డాక్టరు దానికి గొట్టం వేసి లోపల చూశాడు. మధ్యాహ్నం మమ్మల్నందరినీ గదిలోకి పిలిచాడు. తమిళంలోనే మాట్లాడాడు, మా అవ్వకు కూడా అర్థమయ్యేలా నిదానంగా.

పుండు ఉందన్నాడు. పుండు పక్కనుంచి ఆవగింజ కన్నా చిన్న ముక్క తీసి, పసుపుపచ్చటి మందులో పెట్టానన్నాడు. కడుపులో ఒకరకం బాక్టీరియా ఉంటే ఆ పసుపు గులాబీ రంగుకు తిరుగుతుందట. మా ముందే ఆ చిన్న డబ్బా తీసి చూపించాడు. రంగు మారి ఉంది.

"పసుపులో సున్నం కలిపితే ఎర్రబడినట్టా నాయనా?" అంది అవ్వ.

డాక్టరు ముఖం వెలిగిపోయింది. "అలాంటిదే పాటీ," అన్నాడు, అవ్వను తమిళంలో పిలుస్తూ. ఆ క్షణం నుంచి ఆయన మా అవ్వ పక్షం అయిపోయాడు. ఎక్కడికెళ్ళినా ఇంతే, ఎవరో ఒకరు ఎవరికో నచ్చేస్తారు, నేను తలుపు దగ్గర నిలబడి ఉంటాను.

నాన్న అడిగాడు: "కడుపులో ఆమ్లం ఉంటాది గదా డాక్టర్, దాంట్లో పురుగు ఎట్టా బతుకుతాది?"

"అందరూ అదే అన్నారండీ. ఎవరూ నమ్మలేదు. చివరికి దూరదేశంలో ఒక డాక్టరు ఆ క్రిములను తనే తాగేసి, జబ్బు తెచ్చుకుని చూపించాడు."

"అయ్యో, కన్నతల్లికి ఎట్టుండిందో," అంది అవ్వ.

"అంటే," నాన్న కుర్చీలో ముందుకు వంగాడు, "కారం వల్ల కాదంటారా?"

"కారం తింటే పుండు మండుతుంది. పుండును పుట్టించింది మాత్రం కారం కాదు."

నాన్న లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. అద్దాల తలుపులోంచి చూస్తే పంచె చెరగుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. జీవితమంతా మోసిన నింద ఒక్క మాటతో దిగిపోయింది ఆయనకు. తర్వాత నెలల తరబడి మండీకి వచ్చిన ప్రతివాడికీ, కొన్నా కొనకపోయినా, ఈ బాక్టీరియా కథ చెప్పి పంపేవాడు.

నేను ఊరుకోలేదు. "మరి దిగులు వల్ల?" అని అడిగాను.

"దిగులు వల్ల పుండు పడదమ్మా. ఈ క్రిమి ఉండాలి. మాత్రలతో క్రిమి చస్తే పుండు మానుతుంది, మళ్ళీ రాదు."

నాకు లోపల పండగైంది. సున్నితమైన మనసు లేదు, లోపల పెట్టుకున్న బాధ లేదు. ఉన్నది ఒక పురుగు. ఆ పక్క గదిలో పడుకున్న మనిషికీ నాకూ మధ్య లెక్క సమానమైనట్టు అనిపించింది. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా కడుపులో మంట ఉందా?" అని డాక్టరు అడిగాడు.

"నాకే," అంది అవ్వ. "పెళ్ళయిన కాణ్ణుంచీ ఉండాది."

"ఈ క్రిమి మామూలుగా చిన్నప్పుడే చేరుతుంది పాటీ. ఇంట్లోవాళ్ళ నోటి నుంచి పిల్లల నోటికి పోవచ్చు. చిన్నప్పుడు ఈ అమ్మాయికి అన్నం ఎవరు పెట్టేవాళ్ళు?"

అవ్వ నిటారుగా కూర్చుంది. ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూసినట్టు చెప్పడం మొదలుపెట్టింది. "నేనే నాయనా. ఇంకొకరి చేత్తో తినేది కాదు. ఊరగాయ ముక్క కారం తగలకుండా నేనే చప్పరించి, మెత్తగా..." అని చేత్తో చూపిస్తూ చూపిస్తూ ఆగిపోయింది. వేళ్ళు నోటి దగ్గరే ఉండిపోయాయి.

అమ్మ తల వంచుకుంది.

"అంటే, నా నోట్లోదే దాని కడుపులోకి పోయినాదా?" అంది అవ్వ.

"అలా ఖాయంగా ఎవరూ చెప్పలేరు పాటీ. నీళ్ళలోంచి రావచ్చు, ఇంకొకరి నుంచి రావచ్చు. ఈ దేశంలో చాలామంది కడుపుల్లో ఉంటుంది. అందరికీ పుండు పడదు. మీరు కావాలని చేశారా?" అన్నాడు డాక్టరు. అవ్వ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు కూడా. అవ్వ తల ఊపింది కానీ ఆ మాటలేవీ ఆవిడ చెవికెక్కలేదని నాకు తెలుసు.

చెల్లెలికి మాత్రలు మొదలయ్యాయి. అవ్వకు కూడా గొట్టం వేసి చూసి, ఉందని తేల్చి, అవే మాత్రలు ఇచ్చారు. ఇద్దరూ ఒకే వేళకు మింగి, ఒకే రకంగా ముఖం పెట్టేవాళ్ళు. నోట్లో రాగి చెంబు పెట్టుకున్నట్టుందని ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు. జబ్బులో కూడా జంటే. నేను వాళ్ళకు బెల్లం ముక్కలు అందించేదాన్ని.

కానీ అవ్వ మారిపోయింది. కంచు పళ్ళేన్నీ, గ్లాసునూ వెనక వరండాలోకి తీసుకుపోయి అక్కడే తినడం మొదలుపెట్టింది. తన గిన్నెలు తనే తోముకునేది. వీధి పిల్లలు దగ్గరికొచ్చినా, "దూరం పోండి నాయనా, నా నోరు మంచిది కాదు," అనేది. చెల్లెలు వెళ్ళి ఎదురుగా కూర్చుంటే కొంగుతో పళ్ళెం మూసేసేది. అది రెండు రోజులు బతిమాలి, మూడో రోజు, "సరి, పో," అని టీవీ ముందుకు పోయింది. దానికేం, చిన్నప్పటి నుంచి కడుపునిండా తిన్న మనిషి.

అప్పుడు చూశాను నేను. ఆ చోటు ఖాళీగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అవ్వ పళ్ళేనికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆ ఆదివారం వెళ్ళి కూర్చున్నాను.

"ఏందిమే?" అంది అవ్వ.

"ఒక ముద్ద పెట్టు అవ్వా."

"నీకు పిచ్చా? విన్నావు గదా డాక్టరు చెప్పింది."

"నాకు పరవాలేదు. పెట్టు."

"వొద్దమ్మే. ఒకదాన్ని చేసింది చాలు," అని కొంగు కప్పేసింది. నేను చెయ్యి చాపుకుని కాసేపు అలాగే కూర్చుని లేచి వచ్చాను. దానికి అన్నేళ్ళు తలుపులు బార్లా తెరిచి పెట్టి, నేను గుమ్మం దాకా వచ్చేసరికి గడియ వేసుకుంటే ఎవరికి ఒళ్ళు మండదు?

బస్సులో వస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన అనకూడదేమో, ఆశ. చాలామంది కడుపుల్లో ఉంటుందన్నాడు కదా డాక్టరు. నాకు గుర్తులేని వయసులో, నన్ను గూడూరు పంపకముందు, అవ్వ నాకు కూడా అలా చప్పరించి పెట్టి ఉంటే? ఉండదా? మొదటి మనవరాలిని కదా! పెట్టి ఉంటే ఆ క్రిమి నా కడుపులో కూడా ఉండాలి. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఒక్కదాన్నే మైలాపూరులో ఆ ఆసుపత్రికే వెళ్ళి, నాకూ నొప్పిగా ఉందని ఆ కుర్ర డాక్టరుతో చెప్పాను. ఎక్కడా అని అడిగితే చూపించాను. "అక్కడ కడుపు లేదమ్మా," అన్నాడాయన. పరీక్ష అక్కర్లేదన్నాడు. చెయ్యాల్సిందేనని పట్టుబట్టాను. చివరికి నెత్తురు తీయించి, మళ్ళీ రమ్మన్నాడు. ఆ మధ్య రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. గిన్నెలు తోముతూ పొట్ట మీద చెయ్యి వేసుకుని చూసుకునేదాన్ని.

"మీకు లేదు," అన్నాడు డాక్టరు నవ్వుతూ. "ఆ జాడే లేదు. అదృష్టవంతులు."

"సరిగ్గా చూశారా?" అన్నాను.

"సరిగ్గానే చూశాం. ఎందుకు, ఉండాలని ఉందా?" అన్నాడు హాస్యంగా.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంబత్తూరు దాకా ఏడ్చాను. పక్క సీట్లో పూలబుట్ట పెట్టుకున్న ఆవిడ, ఆసుపత్రి నుంచి వస్తున్నానని తెలుసుకుని, "ఎవరికమ్మా, ఏం జబ్బు?" అని అడిగింది. ఎవరికీ ఏమీ లేదన్నాను. ఆవిడ నన్ను చూసి కాస్త పక్కకు జరిగింది. ఇంటికొచ్చాక మా ఆయన ఈసారి నవ్వలేదు. కాఫీ కలిపి తెచ్చి ఇచ్చి, ఏమీ అడక్కుండా బయటికి వెళ్ళిపోయారు.

పుట్టింట్లో ఈ సంగతి తెలిసి అందరూ నన్ను మెచ్చుకున్నారు. "మా అమ్మ పెంపకం అట్టాంటిది. ఎంగిలి తగలనిచ్చిందా?" అని అమ్మ పొంగిపోయింది. "నువ్వు తప్పించుకున్నావక్కా," అంది చెల్లెలు, నిజంగానే సంతోషపడుతూ. అవ్వ మాత్రం చాలాసేపు నా ముఖంలోకి చూసి, పళ్ళెం తోముకోవడానికి లేచిపోయింది. చిన్నప్పుడు ఇదే చూపుతో, "దీనికేముంది, చేత్తో తింటాది" అన్నది నాకు గుర్తుకొచ్చింది. ఇప్పుడు కడుపుకు కూడా ఏమీ లేదని తేలిపోయింది.

మాత్రలు అయిపోయాయి. కొన్నాళ్ళు ఆగి డాక్టరు ఇద్దరికీ మళ్ళీ గొట్టం వేసి చూశాడు. ఈసారి పసుపు పసుపుగానే ఉంది. చెల్లెలి పుండు మానిపోయింది. అవ్వకు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఉన్న మంట మాయమైపోయి, పొట్ట తడుముకుని ఆశ్చర్యపోతూ తిరిగేది. నాన్న మండీలోంచి తనే ఏరి తెచ్చిన ఎర్రటి కాయలు వంటింట్లో పెట్టి, "వెయ్యండి, బాగా వెయ్యండి," అన్నాడు. అటక మీద జాడీలు కిందికి దిగాయి.

ఆ ఆదివారం భోజనాలయ్యాక అవ్వ పళ్ళెం మళ్ళీ నడవలోకి వచ్చింది. స్తంభానికి ఆనుకుని అన్నం కలుపుతోంది. చప్పుడు వినగానే చెల్లెలు టీవీ ముందు నుంచి లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది. అవ్వ కాసేపు తటపటాయించింది.

"మనిద్దరికీ పోయింది గదా అవ్వా," అంది అది. ఆ, అని నోరు తెరిచింది.

అవ్వ ఆవకాయ ముక్కను నోట్లో వేసుకుంది. చప్పరించింది. ముద్దలో పెట్టి దాని నోటికి అందించింది. అంతా పాతపద్ధతే. నేను స్తంభానికి ఇవతల, చిన్నప్పుడు కూర్చున్న చోటే కూర్చుని, చేతిలో వారపత్రిక పట్టుకుని ఉన్నాను. ఒక్క అక్షరం చదవలేదు.

"ఏమ్మే, నువ్వు కూడా రా," అంది అవ్వ.

నన్నే. నేను వారపత్రిక కింద పడేసి, పసిపిల్లలా మోకాళ్ళ మీద పాకినంత పని చేసి వెళ్ళాను. చెల్లెలు పక్కకు జరిగింది. అవ్వ జాడీలోంచి ఇంకో ముక్క తీసింది. నోటి దాకా తీసుకెళ్ళింది. పెదాలకు తగలబోతుండగా ఆగిపోయింది. చెయ్యి దించి, చెంబులో నీళ్ళు వేరే గిన్నెలోకి వంచి, ఆ ముక్కను నీళ్ళలో ముంచింది. బొటనవేలితో రుద్దింది. ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో మళ్ళీ కడిగింది. వెలుతురుకు పట్టి, కారపు రేణువు ఎక్కడైనా మిగిలిందేమోనని చూసింది. అప్పుడు ముద్దలో పెట్టింది.

"నీ కడుపు బంగారం. నా నోటితో చెడగొట్టను," అంది.

నేను నోరు తెరిచాను. ఆ ముక్కలో కారం లేదు, ఉప్పు లేదు, ఆవ ఘాటు లేదు. తడిసిన గుడ్డ నమిలినట్టుంది. ఇన్నేళ్ళు కాచుకున్నది దీని కోసమా అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దానికి నోట్లోంచి తీసిన ముక్క, నాకు నీళ్ళలోంచి తీసిన ముక్క. ఆఖరికి ఇక్కడ కూడా వాటా సరిగ్గా రాలేదు.

అప్పుడు పక్కనుంచి మాట వినిపించింది.

"అక్కకు మాత్రం అంత జాగ్రత్తగా కడిగి పెడతావా?" అంది చెల్లెలు.

"దాని కడుపులో ఏమీ లేదు గదమ్మే," అంది అవ్వ తడబడుతూ.

"నా కడుపులో కూడా ఒకప్పుడు ఏమీ లేదు గదా. నాకెప్పుడన్నా కడిగినావా?"

అవ్వ గిన్నెలో మిగిలిన లేత ఎర్రనీళ్ళను చూస్తూ కూర్చుంది. నేను తల తిప్పి చెల్లెలి ముఖం చూశాను. కింది పెదవి కాస్త ముందుకొచ్చింది. కళ్ళు నా నోటి మీద ఉన్నాయి, చూడనట్టు చూస్తున్నాయి. ఆ ముఖం నాకు బాగా తెలుసు. గూడూరు నుంచి వచ్చిన రోజు నుంచి అది నా ముఖం.

నోట్లో ఉన్న చప్పిడి ముద్దను నిదానంగా, ఒక్క మెతుకు కూడా తొందరపడకుండా, దాని వైపే చూస్తూ నమిలాను. మింగాక అవ్వ ముందుకు ఇంకొంచెం జరిగాను.

"ఇంకో ముక్క కడిగి పెట్టు అవ్వా," అన్నాను.